పాదసేవకు పట్టభద్రులు కావలెను

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడికి మెడిసిన్ సీటు రాకపోతే డెంటల్ అంటారు, అదీ రాకపోతే ఫార్మసీ, అదీ కాకపోతే ఏదో ఒక డేటా సైన్స్ అంటూ మెట్టుమెట్టుకీ నిట్టూరుస్తూ దిగుతారు కదా, ఆ దిగేదేదో పూర్తిగా దిగండి. పాదాల దాకా రండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, అక్కడ ఖాళీలున్నాయి.

పోడియాట్రీకి, అంటే పాదాల వైద్యానికి, మూడేళ్ళ డిగ్రీ. స్కాట్లాండ్‌లో నాలుగేళ్ళు, వాళ్ళకి తొందర లేదు. హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కాకుండా పోడియాట్రిస్టునని చెప్పుకుంటూ తిరిగితే నేరం. మన ఊళ్ళో ఆర్‌ఎంపీ ‘డాక్టరుగారు’ అయిపోయినంత తేలిక కాదు. ఇక ఆస్తి సంగతంటారా, ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో 52 ఆ రెండు పాదాల్లోనే ఉన్నాయి. అస్థిపంజరంలో పావు వాటా రాసిచ్చే ఉద్యోగం ఇంకెక్కడుంది? గుండె డాక్టరుకి దక్కేది పిడికెడు కండ.

మరి జనం ఎగబడరేం అంటే, ఎగబడకుండా ప్రభుత్వం తగిన జాగ్రత్తలు తీసుకుంది. ఇంగ్లండ్‌లో ఈ కోర్సులకిచ్చే బర్సరీని, అంటే చదువు భృతిని, 2017లో ఎత్తేసి, అప్పు చేసి చదువుకోమంది. చేరేవాళ్ళు తగ్గారు. ఎందుకు తగ్గారో తీరిగ్గా ఆలోచించి, 2020 నుంచి ఏటా 5,000 పౌండ్ల గ్రాంటు పెట్టింది. పాదాల వైపు ఎవరూ తిరిగి చూడటం లేదు కనుక వాటికి ఇంకో 1,000 కలిపింది. ఫీజు మాత్రం ఏడాదికి 9,000 దాటే ఉంది. వీధి తలుపుకి గడియ పెట్టి, కిటికీలోంచి చుట్టాలకి చెయ్యూపినట్టుంది వ్యవహారం.

డిగ్రీ చేతికొచ్చాక ఎన్‌హెచ్‌ఎస్ జీతాల మెట్లలో బ్యాండ్ 5లో చేరతారు. పైన 6, 7 ఉంటాయి. ఆపైన 8 ఉంది గానీ, అంత తేలిగ్గా 9కి పోతారేమోనని దాన్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు ముక్కలు చేశారు. పోడియాట్రిస్టు గదిలో నిజంగా ప్రమోషన్లు వచ్చేది రోగులకి. వైద్యం ఎలా చేయాలో చెప్పే ‘నైస్’ అనే సంస్థ 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం షుగరున్నవాళ్ళ పాదాలకి గ్రేడులుంటాయి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాల్లో పొడిచి, కళ్ళు మూసుకోమని, ‘తెలుస్తోందాండీ?’ అని అడుగుతారు. తెలుస్తోందన్నవాడు లోకం తెలియనివాడు, వచ్చే ఏడాది రమ్మంటారు. తెలియట్లేదంటే 3 నుంచి 6 నెలలకోసారి దర్శనం. దాంతోపాటు రక్తప్రసారం కూడా మందగించిందా, నెలకో రెండు నెలలకో. పుండు పడిందా, ఒక్క పనిదినంలో స్పెషలిస్టు బృందానికి కబురు వెళ్ళి తీరాలి. ఇంత చకచకా పైకొచ్చే యోగం ఆ పోగు పట్టుకున్న ఉద్యోగికి రిటైరయ్యేలోపు ఉంటుందని చెప్పలేను.

ఇక గోళ్ళు. ఇది చుట్టాలకి ముందే చెప్పి పెట్టుకోవాల్సిన విషయం. నడుం వంగని పెద్దావిడ కాలిగోళ్ళు తీయించుకుందామని వస్తే, చాలాచోట్ల అది వైద్యం కిందికి రాదు, సొంత శుభ్రత కిందికి వస్తుందని మర్యాదగా చెబుతారు. ఛారిటీ వాళ్ళనో, డబ్బు పుచ్చుకునే ప్రైవేటు క్లినిక్‌నో చూసుకోమంటారు. ఆ గోరే కండలోకి దిగి, చీము పట్టి, ఆవిడ కుంటుకుంటూ వచ్చిందా, ఇక రాజోపచారం. మత్తింజక్షనిచ్చి, గోరు అంచు పీకి, మళ్ళీ మొలవకుండా ఫినాల్ అనే రసాయనం రాసి, కట్టు కట్టి పంపుతారు. పైసా అడగరు. గోరుచుట్టు మాత్రమే ఉంటే చాలదు, మీద రోకటిపోటు కూడా పడ్డాకే రావాలన్నమాట. కత్తెర పెట్టడానికి డబ్బుల్లేవు, ఆపరేషనుకి ఉన్నాయి. పొదుపు దొరల దగ్గరే నేర్చుకోవాలి.

మనవాళ్ళే పేషెంట్లయితే రక్తి కడుతుంది. దక్షిణాసియా వాళ్ళకి టైప్ 2 షుగరు వచ్చే అవకాశం తెల్లవాళ్ళకంటే 2 నుంచి 4 రెట్లు ఎక్కువ కాబట్టి, లండన్‌లో మనవాళ్ళుండే ఈస్ట్ హామ్ లాంటి చోట పనిచేసే తెలుగమ్మాయికి ఏదో ఒకరోజు ఓ తాతగారు తగిలే తీరతారు. ఆ పిల్ల స్టూలు లాక్కుని కూర్చుని పాదం అందుకోబోతే ఆయన చటుక్కున వెనక్కి లాక్కుంటారు.

‘అయ్యో, ఆడపిల్లవి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి తల్లీ!’

‘పరీక్ష చేయాలి తాతగారూ.’

‘సరే అయితే, దీర్ఘసుమంగళీభవ.’

‘మీకు అరికాళ్ళలో స్పర్శ తగ్గిందండీ. ఏం గుచ్చుకున్నా తెలీదు. ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరగాలి.’

‘ఇంట్లో చెప్పులా? దేవుడి గది ఉందమ్మా ఇంట్లో!’

‘చెప్పుల గురించి సలహా ఇవ్వబడింది’ అన్నదానికి కంప్యూటర్‌లో టిక్కు పెట్టే గడి ఉంటుంది. ఆశీర్వచనానికి ఉండదు.

హోదా ఉండదేమోనని బెంగ వద్దు. అదనపు శిక్షణ పొందిన పోడియాట్రిస్టులు 2013 నుంచి సొంతంగా మందులు రాయొచ్చు. 2021లో వాళ్ళ వృత్తిసంఘానికి ‘రాయల్’ అనే బిరుదు కూడా వచ్చింది. పాదుకలకి పట్టం కట్టిన భరతుడి కథ విని పెరిగినవాళ్ళం, ఏకంగా పాదాలకే పట్టం కడితే కాదంటామా? సంబంధాలు చూసేటప్పుడు బయోడేటాలో ‘ఎన్‌హెచ్‌ఎస్ స్పెషలిస్టు, మందులు రాయు అధికారం కలదు’ అని రాసి అక్కడితో ఆపేయండి. ఏ అవయవమని అడిగినప్పుడు చూసుకుందాం.

2025 జులైలో ఎన్‌హెచ్‌ఎస్ కోసం ప్రభుత్వం తెచ్చిన పదేళ్ళ ప్రణాళిక చూశారా? వైద్యం ఆసుపత్రి గోడలు దాటి జనం మధ్యకి రావాలట, జబ్బు ముదిరాక చూడటం కాదు, రాకుండా ఆపాలట. పోడియాట్రిస్టులు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్నది ఆ రెండే. ఇబ్బందల్లా లెక్కల్లో ఉంది. షుగరువాళ్ళలో కాలు తీసేయాల్సి వచ్చిన ప్రతి పది కేసుల్లో ఎనిమిదికి పైగా పుండుతోనే మొదలవుతాయి. కాలు తీసేస్తే ఒక ఆపరేషన్ థియేటరు, ఒక సర్జను, రిపోర్టులో ఒక వరస. తీయకుండా కాపాడిన కాలు ఏ రిపోర్టులోకీ ఎక్కదు, బస్సెక్కి ఇంటికి పోతుంది.

అందుచేత ఉద్యోగంలో చేరే పిల్లవాడికి, నాయనా, మరీ ప్రతిభ చూపించకు అని చెప్పి పంపండి. వాడి చలవ వల్ల ఆ ప్రాంతంలో పుండ్లు తగ్గాయే అనుకోండి, బడ్జెట్ మీటింగులో పట్టిక చూసిన పెద్దమనిషెవరో ‘ఇక్కడ పెద్ద సమస్య ఉన్నట్టు లేదే’ అంటాడు. పక్క గదిలో రిటైరైన పోడియాట్రిస్టు ఖాళీని ఆ సాయంత్రమే రద్దు చేస్తారు.