డాల్టన్ హైవే యాత్రకు సర్వం సిద్ధం

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన లివెన్‌గుడ్ దగ్గర మొదలై, ఆర్కిటిక్ మహాసముద్రానికి కొద్ది మైళ్ల ఇవతల డెడ్‌హార్స్ దగ్గర ముగిసే 414 మైళ్ల డాల్టన్ హైవేను 1974లో చమురు పైపులైను నిర్మాణానికి సామగ్రి చేరవేయడం కోసం వేశారు. కుటుంబ సమేతంగా విచ్చేసే తెలుగువారి అవసరాలను ఆనాటి ఇంజనీర్లు ఏమాత్రం పట్టించుకోలేదన్న సంగతి పటం చూస్తేనే అర్థమైపోతుంది. కోల్డ్‌ఫుట్ దాటిన తరువాత 240 మైళ్ల పాటు పెట్రోలు బంకు లేదు, హోటలు లేదు. కాఫీ మాట దేవుడెరుగు, గుక్కెడు వేడినీళ్లు అమ్మే కొట్టు కూడా లేదు. చాలాచోట్ల దారి తారుదారి కాదు, పదునైన కంకర. 1994 దాకా సామాన్య ప్రజలను ఆ చివరిదాకా పోనిచ్చేవారే కారు. ఇప్పుడు పోనిస్తున్నారు గనుక, డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడి, నయాగరా, గ్రాండ్ కాన్యన్ పూర్తిచేసుకుని, ఇక చూడవలసినది మిగలలేదని చింతిస్తున్న మనవారి దృష్టి ఈ దారి మీద పడటంలో వింత లేదు.

అయితే మనవారి సన్నాహాల మీద కొందరు ఛాందసులు విమర్శలు చేస్తున్నారు. తిండికి ఇచ్చిన ప్రాధాన్యం టైర్లకు ఇవ్వడం లేదని వారి ఆరోపణ. ఆ ఆరోపణలోని డొల్లతనాన్ని నిరూపించి, మన పద్ధతిలోని శాస్త్రీయతను లోకానికి చాటడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జూలైలో జరగబోయే యాత్రకు సంక్రాంతి నాడే వాట్సాప్ గ్రూపు ఏర్పడుతుంది. గ్రూపుకు ఏ పేరు పెట్టాలన్న చర్చ శివరాత్రి దాకా నడుస్తుంది. ఆ తరువాత భోజన వ్యవహారాలు చర్చకు వస్తాయి, వచ్చినవి ఇక పోవు. మొదటిరోజు పులిహోర, రెండోరోజు పెరుగన్నం, ఆపైన పొడులు, పచ్చళ్లు అన్న సిద్ధాంతం మన తాతల కాలపు రైలు ప్రయాణాలలో స్థిరపడినదే గనుక దాని మీద భేదాభిప్రాయం లేదు. భేదాభిప్రాయమంతా ఆవకాయ ఎవరి ఇంటిది అన్న దగ్గరే. దానిని ఓటింగుకు పెడితే బంధుత్వాలు చెడతాయని గ్రహించిన పెద్దలు అందరి ఇళ్ల ఆవకాయనూ అనుమతిస్తూ తీర్మానిస్తారు. కారు బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, దాని మీద కుక్కరు నడిపించి, ఆర్కిటిక్ వృత్తం దగ్గర ఫలకం ముందు సోనామసూరి అన్నం వండాలన్నది ఆ తీర్మానానికి అనుబంధం.

ఇక టైర్ల సంగతి. ఈ దారిని ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూములను చూసుకునే కేంద్ర శాఖవారు, రిమ్ములకు బిగించి ఉన్న పూర్తి సైజు స్టెప్నీలు రెండు వెంట ఉండాలని యాత్రికులకు సలహా ఇస్తున్నారు. సలహా మంచిదే, కాదనం. కానీ రెండు టైర్లు పట్టే జాగా సరిగ్గా రెండు ఐస్‌బాక్సులు పట్టే జాగా అన్న విషయాన్ని ఆ అధికారులు ఎక్కడా ప్రస్తావించలేదు. టైరు పగిలితే ఆగిపోతాం, నిజమే. ఆగిపోయిన చోట నోట్లో వేసుకోవడానికి ఏమీ లేకపోతే ఆ ఆగడం ఎంత దయనీయంగా ఉంటుందో ఎవరైనా ఆలోచించారా?

పైగా మనం అసలు స్టెప్నీ తీసుకుపోవడం లేదనడం అన్యాయం. కారుతోపాటు వచ్చిన సన్నపాటి తాత్కాలిక టైరు ఒకటి డిక్కీ అడుగున ఉండనే ఉంది. దాని మీద ఒక రేకు మూత, మూత మీద బియ్యం సంచి, సంచి మీద కుక్కరు, కుక్కరు కదలకుండా చుట్టూ దుప్పట్లు, ఆ దుప్పట్ల సందుల్లో నిలబెట్టిన పచ్చడి సీసాలు, అన్నిటి మీదా మావయ్యగారి మోకాళ్ల దిండు. అవసరం వచ్చిననాడు ఈ వరసనంతా తిరగేసి ఒక్కొక్కటే దింపి, దోమల మధ్య రోడ్డు పక్కన పరిచి, టైరు బయటికి తీసేసరికి గంటన్నర పడుతుంది. తీసిన తరువాత జాకీ పిడి ఏ సంచిలో పెట్టారన్న విచారణ ఉంటుంది. ఆ విచారణ జరుగుతుండగా దింపిన సామాను ఎదురుగా కనిపిస్తుంది గనుక, ఎలాగూ దింపాం కదా అని అక్కడే భోజనాలు కానిచ్చేస్తారు. టైరు మార్చే పని పొట్ట నిండిన తరువాత నిదానంగా సాగడం ఆరోగ్యానికి కూడా మంచిది.

ఎలుగుబంట్ల విషయంలో మన సన్నద్ధత మరింత లోతైనది. అక్కడ వాడే స్ప్రేలో ఉండేది మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అని తెలిసిన క్షణం నుంచీ గుంటూరు ప్రాంతపు సభ్యులు ఒక విధమైన యాజమాన్య ధోరణిలో మాట్లాడుతున్నారు. ఆ స్ప్రేను విమానంలో చేతిసంచిలోనే కాదు, పెద్ద సామానులోనూ అనుమతించరు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో దిగాక కొనుక్కోవాలి. కారప్పొడికి ఆ ఆంక్ష లేదు. అందుచేత ఇంటి నుంచే రెండు కిలోల గుంటూరు కారం పట్టుకుపోయి, రాత్రి గుడారం చుట్టూ గీత గీసినట్లు చల్లుకోవాలని ఒక పెద్దమనిషి ప్రతిపాదించగా సభ హర్షధ్వానాలు చేసింది. మీదికి వచ్చే ఎలుగుబంటి కళ్లలోనూ ముక్కులోనూ పడితేనే ఆ ఘాటు పనిచేస్తుందనీ, నేల మీదా సామాను మీదా మిగిలిపోయిన స్ప్రే వాసనకు ఎలుగుబంట్లు ఆకర్షితమై దగ్గరికి వస్తాయని అలాస్కాలోనే పరిశోధకులు గమనించారనీ ఎవరో గుర్తుచేయబోయారు. అప్పటికే నూనెలో ఇంగువ వేసి తాలింపు పెట్టే విషయం చర్చకు రావడంతో ఆ అభ్యంతరం నమోదు కాలేదు. వండిన చోట పడుకోకూడదు, తిండి వాసన గుడారంలోకి రానివ్వకూడదు అన్న నియమాలను పాటించడానికి మనకు అభ్యంతరం లేదు గానీ, గోంగూర వాసనను వదిలించుకున్న దుప్పటి ఇంతవరకు ఏ తెలుగింట్లోనూ కనబడలేదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈ దారి పక్కనే ఉన్న ప్రాస్పెక్ట్ క్రీక్‌లో 1971 జనవరి 23న మైనస్ 80 డిగ్రీల ఫారన్‌హీట్ చలి నమోదైంది. అమెరికా దేశం మొత్తానికి అదే రికార్డు. ఆ సంగతి ఫార్వర్డ్ అయిన మరునాడే అందరూ ధ్రువప్రాంత కోట్లు కొన్నారు. జూలైలో అక్కడ మనిషిని పీక్కుతినేవి దోమలు. దోమల వల ఖరీదు తక్కువ కావడం వల్లనో ఏమో, ఎవరి జాబితాలోనూ చేరలేదు.

సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుపోయేవారికి ఇంతకన్నా జటిలమైన చిక్కు ఒకటి ఉంది. డెడ్‌హార్స్‌లో మే మూడోవారం నుంచి జూలై మూడోవారం దాకా సూర్యుడు అస్తమించడు. పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి అందులో ఒక భాగాన్ని రాహుకాలంగా లెక్కిస్తాం. రెండు నెలల పగటిని ఎనిమిది భాగాలు చేస్తే రాహుకాలం ఒక్కటే వారం రోజులు దాటుతుంది. అంతకాలం బయలుదేరకుండా ఉండటానికి మన సెలవులు చాలవు. అంతటితో పోలేదు. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయంతో. మంగళవారం నాడు ఉదయించిన సూర్యుడు మళ్లీ జూలైలో గాని దిగకపోతే, శాస్త్రప్రకారం ఆ రెండు నెలలూ మంగళవారమే. క్షవరం లేదు, మాంసం లేదు, కొత్త పని ఏదీ మొదలుపెట్టడానికి లేదు. ఈ ధర్మసందేహాన్ని తీర్చగల సిద్ధాంతి ఫెయిర్‌బ్యాంక్స్ పరిసరాల్లో దొరుకుతాడన్న ఆశ లేదు గనుక, ఇంటి దగ్గరే ముహూర్తం పెట్టించుకుని, గడియారాన్ని మాత్రమే నమ్మి, కిటికీకి దుప్పటి కట్టి రాత్రి అయిందని ప్రకటించుకోవడం ఉత్తమం.

కారు అద్దెకు ఇచ్చే మామూలు కంపెనీలు చాలావరకు ఈ దారిలో తమ బండిని నడపవద్దని ఒప్పందంలోనే రాస్తాయి. నడపనిచ్చే ప్రత్యేక సంస్థలు ఫెయిర్‌బ్యాంక్స్‌లో కొన్ని ఉన్నాయి, ధర కాస్త ఎక్కువ. ఎవరు చూడొచ్చారన్న వాదం మన కమిటీలో బలంగా వినిపిస్తున్న మాట వాస్తవమే. దారిలో దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. వాన పడితే ఆ బురద కారు ఒంటికి పట్టుకుని గట్టిపడి, ఓ పట్టాన వదలదు. తిరిగి ఇచ్చేటప్పుడు మనం ఎంత అమాయకంగా మొహం పెట్టినా చక్రాల లోపలి బురద నోరు విప్పి సాక్ష్యం చెబుతుంది. అందువల్ల ఈ వాదాన్ని సమర్థించలేకపోతున్నందుకు చింతిస్తున్నాను.

ఆ దారికి అసలు హక్కుదారులు చమురు క్షేత్రానికి సరుకు మోసే భారీ ట్రక్కులవారు. ఎదురుగా ట్రక్కు కనబడితే వేగం తగ్గించి పక్కకు ఒదగాలి. లేకపోతే ఎగిరిన కంకర అద్దం పగలగొడుతుంది. పగలూ రాత్రీ హెడ్‌లైట్లు వెలిగే ఉండాలి. వారు రేడియోలో 19వ ఛానెల్ మీద మాట్లాడుకుంటారు కాబట్టి అటువంటి రేడియో ఒకటి మన దగ్గరా ఉండాలన్న సూచనను కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించి రెండు కార్లకు రెండు కొన్నది. అటిగన్ కనుమ 4,739 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ దిగుడులో బరువుతో దిగుతున్న ట్రక్కు డ్రైవరు ముందున్నదెవరని అడిగే క్షణంలో, చేగోడీల డబ్బా మీ కారులో ఉందా వదినా అన్న ప్రశ్న ఆ ఛానెల్‌లో వినిపించే అవకాశాన్ని తోసిపుచ్చలేం. భాష తెలియకపోయినా ఆ స్వరంలోని ఆందోళనను బట్టి అతడు బ్రేకు వేస్తాడని ఆశిద్దాం.

చివరగా సముద్రం. ఇంత దూరం పోయి ఆర్కిటిక్ మహాసముద్రంలో కాలు పెట్టకపోతే స్టేటస్ ఏమని పెట్టాలి? డెడ్‌హార్స్‌లో దారి ఒక గేటు దగ్గర ఆగిపోతుంది. అవతలిది చమురు కంపెనీల ఆవరణ. సొంత కారును రానివ్వరు. సముద్రం చూడాలంటే అనుమతి ఉన్నవారు నడిపే బండిలో పోవాలి, అందుకు కనీసం 24 గంటల ముందు గుర్తింపు వివరాలిచ్చి సీటు రాయించుకోవాలి. దీనికి అయిదు నిమిషాలు కూడా పట్టదు కాబట్టి కమిటీ దీనిని తరువాతి సమావేశానికి వాయిదా వేసింది. హ్యూస్టన్‌లో చమురు కంపెనీలో పనిచేసే ఒకరి తోడల్లుడికి గేటు దగ్గరి నుంచి ఫోన్ కొడితే ఎలాగూ లోపలికి పంపిస్తారని ఒక సభ్యుడు హామీ ఇచ్చి ఉన్నాడు. ఫెయిర్‌బ్యాంక్స్ దాటిన కాసేపటికి పోయే ఫోన్ సిగ్నల్ తిరిగి వచ్చేది డెడ్‌హార్స్‌లోనే గనుక ఆ ఫోన్ చేయడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు. తోడల్లుడి నంబరు మాత్రం ఇంకా ఎవరూ గ్రూపులో పెట్టలేదు.