నాలుగు ఎడమచేతులు

మా అక్క వాళ్లు బెంగుళూరులో ఉంటారు. ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, పద్నాలుగేళ్లు. చిన్నోడికి ఈ మే నెలతో ఎనిమిది నిండాయి. ఇద్దరూ గోల్ఫ్ ఆడతారు. అంతకు ముందు మా వంశంలో ఎవరైనా కర్ర పట్టుకున్నారంటే పామును కొట్టడానికో, చింతకాయలు రాల్చడానికో.

ఇదంతా మా బావ పుణ్యం. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకొని నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆ రోజు పొద్దున్నే మా బావ పళ్లు కూడా తోముకోకుండా టీవీ ముందు కూర్చున్నాడట. అప్పటిదాకా గోల్ఫ్ అంటే ఏందో తెలియని మనిషి, మధ్యాహ్నం అన్నం వేళకు "ఆ ఒక్క పట్ గుంటలో పడుంటేనా..." అని నిట్టూర్చే స్థాయికి వచ్చేశాడు. తర్వాత కూతురిని కోచింగ్‌లో చేర్చాడు. అక్క తోక పట్టుకుని తిరిగే చిన్నోడు కొన్నాళ్లకు వాడంతట వాడే చేరిపోయాడు.

ఈ వేసవి సెలవులకు తిరుపతికి వస్తున్నామని అక్క ఫోన్ చేసినప్పుడు నాకు బుద్ధి పుట్టింది. ప్రతిసారీ బట్టలు, ఒక కవర్లో ఐదు వందల పదహార్లు. ఈసారి గోల్ఫ్ సామాన్లు కొనిచ్చి పిల్లలు నోరు తెరిచేలా చేద్దామనుకున్నాను.

"బావనొక మాట అడిగితే పోతుంది కదా?" అంది నా భార్య.

"అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది."

మేనమామకు తెలియని విషయం ఉండదని మా ఇళ్లల్లో ఒక నమ్మకం. దాన్ని కాపాడుకునే భారం మేనమామల మీదే ఉంటుంది. అదెంత బరువో మోసేవాళ్లకే తెలుసు.

మొదట గాంధీ రోడ్డు పక్క సందులో ఒక ఆటసామాన్ల కొట్టుకు పోయాను. పెద్దాయన గోల్ఫ్ అనే మాట విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్లుగా అంగడి నడపతా ఉండా సామీ. ఈ ఊళ్లో గోల్ఫ్ కట్టె అడిగింది మీరే. క్యారమ్ బోర్డు ఉండాది, చూపించమంటారా?"

వద్దన్నాను. షటిల్ బ్యాట్లు తీశాడు. వద్దన్నాను. క్రికెట్ బ్యాట్ తీసి, కౌంటర్ మీద నిలబెట్టి అడిగాడు. "పిల్లోడు ఎంత పొడుగుంటాడు? నడుము దాకా చెయ్యి పెట్టి చూపించండి. కుడిచేతి వాటమా, ఎడమా?"

"బ్యాట్ కాదండీ నాకు కావాల్సింది."

"ఏదైనా సరే. కట్టె అన్నాక కొలత ఉండల్ల కదా?"

అనవసరమైన ప్రశ్న అనిపించింది. అయినా సమాధానం నా దగ్గరుంది. వాడు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ నా పక్కనే కూర్చుని కుడిచేత్తో శుభ్రంగా పప్పన్నం కలుపుకుని తింటాడు. "కుడి" అని చెప్పి బయటికొచ్చేశాను.

ఇక ఆన్‌లైనే గతి. అందులో దిగాక తెలిసింది, గోల్ఫ్ ఆడేవాళ్లు సంచిలో పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చట. అంతకు మించితే తప్పట. ఈ మాట అమ్మకు చెప్పాను.

"ఒక్క బంతిని కొట్టేదానికి పద్నాలుగు కట్టెలా? మీ నాయన ఒక్క బెత్తంతో నలుగురు బిడ్డల్ని సాకినాడు."

పద్నాలుగు నా జీతంలో లేవు. నేర్చుకునేవాళ్లకు సెవెన్ ఐరన్ అనే కర్ర మంచిదని ఎక్కడో చదివి, చిన్నోడికి అదొకటి బుక్ చేశాను. పిల్లల సైజుల్లోనూ ఉన్నాయి. పిల్లలు పెరగరా? మా నాయన నాకు స్కూలు నిక్కర్లు రెండేళ్లకు ముందుగానే కుట్టించేవాడు. అదే లెక్కన పెద్దవాళ్లది తీసుకున్నాను. పేరు పక్కన 'రెగ్యులర్' అని కూడా ఉంది. రెగ్యులర్ అంటే మామూలుగా అందరికీ సరిపోయేది కదా. ఇద్దరికీ తోలు గ్లౌజులు, పెరుగుతారు కాబట్టి ఒకటే సైజు. ఒక డజను బంతులు.

ముందు బంతులు వచ్చాయి. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి చూసింది.

"ఏం నాయనా, దీనికి అమ్మవారు పోసినట్టుండాదే? పాతవి అంటగట్టినారేమో."

అవి తయారీలోనే పెట్టిన గుంటలని, నున్నటి బంతి అయితే ఇందులో సుమారు సగం దూరమే పోతుందని, వెనకటి కాలంలో ఆడి ఆడి గీతలు పడిన పాత బంతులే కొత్తవాటికంటే బాగా ఎగురుతుంటే చూసి ఇది కనిపెట్టారని, అంతకు ముందు రోజు రాత్రి చదివింది మొత్తం ఒప్పజెప్పాను. నా భార్యకు ఇవేవీ ఎక్కలేదు. బరువెంత అని అడిగింది. నిబంధన ప్రకారం 45.93 గ్రాములు దాటకూడదని చెప్పాను.

"ఐదు ముక్కాలు కాసులు" అని, బంతిని ఎంతో గౌరవంగా బీరువాలో పెట్టింది.

గ్లౌజులు వచ్చిన రోజు నుంచి అసలు కథ. పెట్టె విప్పితే రెండు కవర్లు. ఒక్కో కవర్లో ఒక్కో గ్లౌజు. పోనీ, రెండూ కలిపి ఒక జతేమో అని వేసి చూశాను. రెండూ ఎడమచేతివే. కస్టమర్ కేర్‌కు ఫోన్ కొట్టాను.

"సార్, అది ఒకటే వస్తుంది సార్" అంది అవతలి అమ్మాయి.

"ఎందుకొస్తుంది ఒకటే? మనిషికి రెండు చేతులు కదమ్మా!"

"ఆ ఆటకు అంతే సార్."

"ఏమ్మా, నేను తిరుపతిలో ఉండేవాణ్ని. ఇక్కడ గుడి బయట చెప్పులు పోయినా రెండూ కలిసే పోతాయి. దొంగకుండే నీతి మీకు లేదా?"

అవతల కాసేపు మాట లేదు. సిగ్గుపడిందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని ఇప్పుడు తెలుస్తోంది. చివరికి, వేరేవి పంపిస్తాం, పాతవి తర్వాత మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు అంది. పోరాడితే పోయేదేమీ లేదని నా భార్య వైపు చూసి మీసం సర్దుకున్నాను.

నాలుగో రోజు మళ్లీ పెట్టె వచ్చింది. మళ్లీ రెండు. రెండూ ఎడమవే. టేబుల్ మీద నాలుగు ఎడమచేతులు పరిచి కూర్చుంటే, ఎవరో నలుగురు నన్ను ఆగమంటున్నట్టుంది.

పిల్లలు శుక్రవారం వచ్చారు. శనివారం కొండకు పోయొచ్చి, ఆదివారం పొద్దున ఇడ్లీలయ్యాక బహుమతుల కార్యక్రమం పెట్టాను. చిన్నోడు సెవెన్ ఐరన్ చూడగానే "థ్యాంక్యూ మామా!" అని గెంతాడు. గెంతి, దాన్ని పట్టుకున్నాడు. కర్ర పై కొన వాడి పొట్టలో గుచ్చుకుంది. కొంచెం కిందికి పట్టుకున్నాడు. అప్పుడూ గుచ్చుకుంది. చివరికి సగానికి పట్టుకుని, రోకలి ఎత్తినట్టు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి వణికింది. పైగా తిరగాల్సిన పక్కకు తిరగకుండా, అవతలి పక్క నిలబడ్డాడు.

"అట్లా కాదురా, ఇటు తిరుగు" అన్నాను.

"మామా, వాడు లెఫ్టీ" అంది మేనకోడలు.

"వీడా? కుడిచేత్తో కదా అన్నం తింటాడు!"

"ఇక్కడికొస్తే తింటాడు. ఎడంచేత్తో తింటే అవ్వ కొడుతుంది."

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ గోడ మీద పంచాంగం క్యాలెండర్ వైపు చూసింది.

ఆ తర్వాత పావుగంటలో మేనకోడలు నాకు చెప్పినవి, నేను నెల రోజులు ఆన్‌లైన్‌లో చదివినదానికంటే ఎక్కువ. ఎడమచేతి వాటం వాళ్లకు కర్రే వేరు, తల మూతి అటు తిరిగి ఉంటుంది. పిల్లల కర్రలు వయసును బట్టి కాదు, పొడుగును బట్టి కొనాలి. పెద్దవాళ్లది బరువు, దాంతో నేర్చుకుంటే అలవాటే వంకర పోతుంది. 'రెగ్యులర్' అంటే సైజు కాదు, కర్ర కాడ ఎంత వంగుతుందనే లెక్క. గ్లౌజు ఒకటే, పై కొన దగ్గర పట్టు పట్టే చేతికి, జారకుండా. కుడివాటం వాళ్లకైతే ఎడమచేతికి.

"అంటే ఇది నీకు సరిపోతుంది" అన్నాను ఆశగా.

"నాకు ఓకే మామా. రెండు తీసుకుంటా, తొందరగా అరిగిపోతాయి."

"మరి వీడికి?"

"వాడికి కుడిచేతిది కావాలి."

చిన్నోడు నాలుగు గ్లౌజులూ తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. ఏడ్చినా బాగుండేది.

ఇట్లాంటప్పుడు మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. కర్ర పొడుగు, కుడివాటం, రెగ్యులర్... కొలతలన్నీ నాకే సరిపోతున్నాయి కదా అని, "రండి, నేను కొట్టి చూపిస్తా" అని పక్కనున్న ఖాళీ స్థలంలోకి దారి తీశాను.

"మామా, అసలు బంతి వద్దు. ఇళ్ల మధ్య స్పాంజి బంతితోనే ఆడాలని మా కోచ్ చెప్తారు."

"మీ కోచ్ బిళ్లంగోడు ఆడినాడా?"

మొదటి దెబ్బ గాలికి తగిలింది. "ఒకటి" అన్నాడు చిన్నోడు. బంతికి తగల్లేదు కదరా అంటే, కొట్టాలని ఊపితే లెక్కేనట. రెండో దెబ్బకు దోసెడు మట్టి లేచి నా నోట్లోనే పడింది. "రెండు." మూడోది తగిలింది. ఎట్లా తగిలిందో నాకు తెలియదు. టక్‌మని చప్పుడు, చేతిలో ఏదో తియ్యగా ఒక జర్క్, బంతి లేచింది. అది పోతున్న దిక్కు చూశాను. ఆ దిక్కులో మా పక్కింటి రిటైర్డు హెడ్‌మాష్టారి మిద్దె ఉంది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"గోవిందా!"

"గో...విందా!" అని లోపల్నుంచి మాష్టారు బదులు పలికారు. పాపం, ఆయనకు అలవాటు. ఆ మాట పూర్తయ్యేలోపు, మిద్దె మీద ట్యాంకు నుంచి దిగే పైపు మెడ దగ్గర పుటుక్కున విరిగింది. కార్తీక మాసంలో వానలు బాగా పడితే కపిలతీర్థం ధార ఎట్లుంటుందో, అట్లా మాష్టారి వాకిట్లోకి దూకాయి నీళ్లు.

"ఎవరైనా ఉన్న వైపు బంతి పోతుంటే 'ఫోర్' అని అరవాలి మామా" అంది మేనకోడలు మెల్లగా.

తడిసిన పంచెతో, చేతిలో బంతితో బయటికొచ్చిన మాష్టారి చెవిన ఈ మాట పడింది. పైకి ధార వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"ఫోరేంది నాయనా? సిక్సే ఇది."

ప్లంబర్‌కు ఎనిమిది వందలు. కర్ర కొన్న డబ్బుతో కలిపి నా భార్య లెక్క రాసి పెట్టుకుంది. ఎందుకో అడగలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. హాల్లో ఛార్జింగ్ లైటు పెట్టుకుని పిల్లలు బంతి దొర్లించే ఆట మొదలుపెట్టారు. గోల్ఫ్ గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలట, మా నీళ్ల చెంబు మూతి ఇంచుమించు అంతే. చెంబును గోడకు పడుకోబెట్టారు. చిన్నోడు మూలనున్న అవ్వ చేతికర్రను తలకిందులుగా పట్టుకున్నాడు. అమ్మకు నడుము వంగాక, వడ్రంగిని పిలిచి, తన ఎత్తుకు కొలిచి మరీ కోయించుకున్న కర్ర అది. చిన్నోడి చేతికి అతికినట్టు సరిపోయింది. దానికి కుడి లేదు, ఎడమ లేదు. నాలుగో బంతికే చెంబు ఖంగుమంది. అమ్మ పడీ పడీ నవ్వింది. ఎడంచెయ్యి సంగతి ఎత్తలేదు.

తమ్ముడి దారికి తన బంతి అడ్డొస్తోందని, మేనకోడలు దాన్ని తీసి, ఆ చోట గుర్తుకు ఏదైనా చిన్న బిళ్ల కావాలంది. ఆటలో అదొక పద్ధతి. అమ్మ బొడ్లో సంచి విప్పి, వక్కల మధ్య వెతికి ఒక పావలా తీసిచ్చింది. ఖడ్గమృగం బొమ్మున్న పావలా. 2011 నుంచి చెల్లదు. అమ్మ దాన్నింకా ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియాలి. మేనకోడలు దాన్ని ఛార్జింగ్ లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవ్వా, ఇది నాకిచ్చేయవా? మా క్లాసులో ఎవరి దగ్గరా ఇట్లాంటి మార్కర్ ఉండదు."

నేను తెచ్చిన డజను బంతుల పెట్టె సోఫా కింద ఉంది.

వాళ్లు బెంగుళూరు బస్సెక్కిన తర్వాత పది రోజులకు, పాత గ్లౌజులు తీసుకెళ్లడానికి కంపెనీ కుర్రాడు వచ్చాడు. పిలిస్తే, నా భార్య వంటింట్లోంచే "ఇప్పుడు కుదరదు, పనిలో ఉండా" అని కేకేసింది. పోయి చూశాను. ఎడమచేతికి గ్లౌజు తొడుక్కుని కందగడ్డ పట్టుకుని, కుడిచేతిలో కత్తితో చెక్కు తీస్తోంది. ఇరవై ఏళ్ల కాపురంలో, కంద కోస్తూ చెయ్యి గోక్కోకుండా ఉండటం అదే మొదటిసారి చూడటం.

మిగిలిన ఒక్కదాన్ని తెచ్చి కుర్రాడికిచ్చాను. వాడు ఫోన్‌లో చూసి, కవర్లో చూసి, నా వైపు చూశాడు.

"రెండు కదా సార్? ఒకటే ఉండాది."

"ఒకటే వస్తుంది బాబూ" అన్నాను. "ఆ ఆటకు అంతే."