మామయ్య పన్నెండో డ్రాయరు

నా జీవితంలో నేను చేసిన దొంగతనం ఒకే ఒక్కటి. అదీ మామయ్య డ్రాయరు.

నేపథ్యం చెప్పకుండా ఆపేస్తే లేనిపోని అనుమానాలొస్తాయి కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడి తెలుగువాళ్లంతా రెండో ఇల్లు కొనే వయసులో నాకు భూమి మీద మమకారం పొంగుకొచ్చి, గంట దూరంలో ఓ పల్లెటూరి కౌంటీలో పది ఎకరాలు కొన్నాను. భూమి కొనడం తేలికే, అది కొన్నచోట ఉండేలా చూసుకోవడమే కష్టమని తర్వాత తెలిసింది. వానొచ్చినప్పుడల్లా వాలు మీది ఎర్రమట్టి పక్కవాళ్ల వంకలోకి వలస పోతోంది. చేను మధ్యలో మోకాలి లోతు కోత పడింది. రిజిస్ట్రేషన్ నా పేరు మీద, మట్టి పక్కాయన పేరు మీద.

ఆ పక్కాయనే చెప్పాడు, "సాయిల్ అండ్ వాటర్ వాళ్లని అడుగు" అని.

ఆ పేరు నాకు కొత్త కాదు. ఎలక్షన్లప్పుడు బ్యాలెట్ అట్టడుగున 'సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్' అని ఉంటుంది, అంటే నేలనూ నీటినీ కాపాడే స్థానిక సంస్థ బోర్డు సభ్యుడన్నమాట. ప్రెసిడెంటు దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చేసరికి ఓపిక చచ్చిపోయి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాణ్ని. బోర్డులో ఐదుగురైతే అందులో ముగ్గురిని మనమే ఎన్నుకోవాలట. ఓటేయనివాడికి కూడా వాళ్లతోనే పని పడింది.

ఆఫీసు చిన్నది. ఓ కాఫీ మిషను, కిటికీలో రకరకాల మట్టి నింపిన గాజు సీసాలు, గోడ మీద ఓ పెద్దాయన ఫోటో. హ్యూ హామండ్ బెన్నెట్ అట, అమెరికాలో నేల సంరక్షణకు ఆద్యుడు. 1881లో ఈ రాష్ట్రంలోనే ఆన్సన్ కౌంటీలో పుట్టాడు. 1935లో నేల కోత గురించి సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, పడమటి నుంచి దుమ్ము తుఫాను వాషింగ్టన్ చేరేదాకా మాటలు సాగదీసి, కిటికీ బయట ఆకాశం మసకబారాక "అదిగో, నేను చెప్పేది అదే" అన్నాడని చెప్పుకుంటారు. పెళ్లిపందిట్లో భోజనాలు ఆలస్యమైతే మాటలతో నెట్టుకొచ్చే మన పెద్దమనుషులు గుర్తొచ్చారు. ఆ ఏడాదే నేల సంరక్షణ చట్టం వచ్చింది. 1937 ఆగస్టు 4న దేశంలోనే మొట్టమొదటి డిస్ట్రిక్టు, బ్రౌన్ క్రీక్, ఆయన పుట్టిన కౌంటీలోనే వెలిసింది. ఇప్పుడు దేశమంతా అలాంటివి మూడు వేల దాకా ఉన్నాయి.

నాకు దొరికిన టెక్నీషియన్ పాతికేళ్ల కుర్రాడు. బూట్లకున్న మట్టి చూస్తే చాలు, పని తెలిసినవాడని అర్థమైంది. చేనంతా తిరిగి చూసి, కోత పడ్డచోట గడ్డి కాలువ చేద్దామన్నాడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా పత్తి, పొగాకు వేసి వేసి పైమట్టి పోగొట్టుకున్న నేలలేనట. "దయచేసి దున్నకండి" అని రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. వెళ్తూ వెళ్తూ కారెక్కబోయి ఆగి, "అన్నట్టు, ఒక డ్రాయరు పాతిపెట్టండి" అన్నాడు.

దక్షిణాది యాస నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. కొత్తది, తెల్లది, నూటికి నూరుపాళ్లు కాటన్‌ది. నడుం పట్టీ మాత్రం పైకి కనబడేలా పాతి, పక్కన జెండా గుచ్చి, 60 రోజుల తర్వాత తవ్వాలి. కాటన్ అంటే సెల్యులోజ్ కదా, మట్టిలో సూక్ష్మజీవులు బాగుంటే దాన్ని తినేసి ఎలాస్టిక్ మాత్రం మిగులుస్తాయి. నేల నీరసంగా ఉంటే డ్రాయరు డ్రాయరులాగే పైకొస్తుంది. 'సాయిల్ యువర్ అండీస్' అని దీనికి పేరు కూడా ఉంది. చాలా డిస్ట్రిక్టుల వాళ్లు చేయిస్తుంటారట.

ఇంటికొచ్చి అల్మరా తెరిచాను. వంద శాతం కాటన్‌ది ఒక్కటి లేదు. ఐదు శాతం స్పాండెక్స్ ఒకదాంట్లో, సగం పాలిస్టర్ ఇంకోదాంట్లో. ఇన్నేళ్లుగా ఏం తొడుక్కుంటున్నానో ఆ రోజే లేబుల్ చదివి తెలుసుకున్నాను.

సరిగ్గా అప్పుడే అత్తయ్య, మామయ్య అనంతపురం నుంచి ఆరు నెలల కోసం వచ్చి ఉన్నారు. మామయ్య సూట్‌కేసులో అత్తయ్య ఊరగాయల పక్కన సర్దిన కొత్త డ్రాయర్లు పన్నెండు. తెల్లటి పాప్లిన్, మోకాళ్ల దాకా, బొందు కట్టుకునేవి. అంతకన్నా స్వచ్ఛమైన కాటన్ అమెరికాలో దొరకదు.

అడిగితే ఇస్తారు, నిజమే. కానీ ఎలా అడగాలి? పెళ్లయి పదిహేనేళ్లయినా మామయ్య ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోని అల్లుణ్ని. "మామయ్యా, మీ డ్రాయరొకటి ఇస్తారా, పాతిపెట్టాలి" అని మనసులో నాలుగు రకాలుగా అనుకుని చూశాను. ఏ రకంగానూ బాలేదు. వాళ్లు గుడికెళ్లినప్పుడు ఒకటి తీసి లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ శనివారం అందర్నీ చేను చూపించడానికి తీసుకెళ్లాను. మామయ్య దిగీదిగగానే పిడికెడు మట్టి తీసి నలిపి, "అరె, మన ఎర్రమట్టే గదప్పా!" అన్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే ఊరు ఆయనది. ఇక్కడ 1,100 పైనే పడుతుందంటే నమ్మలేదు. ఊళ్లో వాటర్‌షెడ్ కమిటీలో చేసిన మనిషి కదా, వాలు వైపు చూసి, అడ్డకట్టలెక్కడ, రాతికట్టలెక్కడ, ఫారం పాండ్ ఎక్కడ అని వరసపెట్టి అడిగారు. ఈ పనుల ఖర్చులో 75 శాతం దాకా గవర్నమెంటే పెట్టుకుంటుందనగానే కళ్లు మెరిశాయి.

"ఇక్కడ గూడా సబ్సిడీనేనా! మరి బోర్డు పాతలేదే? మా ఊర్లో పనికంటే ముందు బోర్డే పాతుతారు."

దున్నొద్దన్నారని చెప్తే మాత్రం ముఖం మాడ్చుకున్నారు. వేసవి దుక్కులు దున్నని రైతును ఆయన రైతు కిందే లెక్కెయ్యరు. "దున్నకుండా పండిస్తే దాన్ని యవసాయం అనరు నాయనా, మేత అంటారు" అని వెళ్లి కార్లో కునుకు తీశారు.

అదే అదను అనుకున్నాను. పొద్దు గుంకింది. పార తీసుకుని, గడ్డి బాగా పెరిగిన మూలకెళ్లి, అటూ ఇటూ చూసి, గుంత తీసి, తెల్లటి గుడ్డ పరిచి మన్ను కప్పాను. నడుం దగ్గర బొందు కొసలు పైకి వదిలి, జెండా మర్చిపోయాను కాబట్టి ఓ పుల్ల గుచ్చాను. అటూ ఇటూ చూశానన్నాను గానీ కారు వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య సూట్‌కేసు లెక్కపెట్టుకున్నారు. పదకొండు.

ఆ రోజు అమావాస్య అని మా ఆవిడ తర్వాత చెప్పింది.

మర్నాటి నుంచీ ఇంట్లో వాతావరణం మారింది. మామయ్యకు నేను కాఫీ కలిపితే అత్తయ్య "ఆయనకు పడదులే నాయనా" అని మెల్లగా పక్కకు జరిపేవారు. మామయ్య దండకు తాయెత్తు వచ్చింది. గుమ్మానికి నిమ్మకాయ వేలాడింది. ఓ రాత్రి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి స్టవ్వు మీద వేస్తే స్మోక్ అలారం మోగి అపార్ట్‌మెంట్ మొత్తం పార్కింగ్ లాట్‌లో నిలబడింది. మామయ్యకు తుమ్మొచ్చినా అత్తయ్య నా వైపే చూసేవారు. నేనేమో అమెరికా వాతావరణం పడలేదేమో అనుకుని విటమిన్ బిళ్లలు తెచ్చిచ్చాను. అవి ఆమె ఎక్కడ పారేశారో నాకిప్పటికీ తెలియదు.

అరవై రోజులు గడిచాయి. తవ్వడానికి టెక్నీషియన్ కుర్రాడు వస్తానన్నాడు. అత్తయ్య, మామయ్య కూడా బయల్దేరారు. దగ్గరికెళ్లి చూస్తే పుల్ల లేదు. జింకలు తొక్కాయో, గాలికి పోయిందో. పైకి వదిలిన బొందు కొసలూ లేవు. మామూలు డ్రాయరైతే ఎలాస్టిక్ పట్టీ చెట్టంత ధైర్యంగా నిలబడి ఉండేది. బొందుదేముంది, అదీ కాటనే!

"ఇక్కడే" అని తవ్వాను. లేదు. "కాదు, అక్కడ." లేదు. ఐదో గుంతకు కుర్రాడి ముఖంలో నవ్వు పోయింది. నేలను కదిలించొద్దని రెండు నెలల కిందట దండం పెట్టినంత పనిచేసినవాడు, ఇప్పుడు పందికొక్కులు పడ్డట్టున్న గడ్డిమడిని చూస్తూ నోరు మెదపకుండా నిలబడ్డాడు.

మామయ్యకు ఓపిక నశించింది. "ఏమి ఎతుకుతాండావో చెప్పు, నేను తీస్తా" అని పార లాక్కున్నారు. ఏం చెప్పను? ఆయన వంగి, గడ్డి తీరు చూసి, ఒకచోట రెండు వేట్లు వేశారు. మట్టి పెళ్లలో తెల్లగా ఏదో మెరిసింది. బొటనవేలి గోరంత నైలాన్ లేబుల్. దాని మీద ఇంకా చెరగని అక్షరాలు: 95 సెం.మీ.

మామయ్య దాన్ని పంచె అంచుకు తుడిచి, కళ్లద్దాలు సర్దుకుని చదివారు. నన్ను చూశారు. లేబుల్ చూశారు.

"ఇది నా సైజు గదా, అల్లుడూ?"

వెనక నుంచి అత్తయ్య "నేను చెప్పలే?" అన్నారు. ఎవరికి చెప్పారో, ఎన్నిసార్లు చెప్పారో ఆ గొంతులోనే తెలిసింది.

ఈలోగా టెక్నీషియన్ ఆ లేబుల్ లాక్కుని ఎగిరి గంతేశాడు. బొందుతో సహా మొత్తం తినేసిన నేలను తానింతవరకూ చూడలేదట. మామయ్య చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. "ఏమంటాండాడు?" అన్నారు మామయ్య. తలొంచుకుని మొత్తం చెప్పాను. పత్తి, పురుగులు, సూక్ష్మజీవులు, అల్మరాలో స్పాండెక్స్, అన్నీ. చెప్తుంటే అత్తయ్య మెల్లగా వచ్చి మామయ్య దండకున్న తాయెత్తు విప్పి కొంగున ముడేసుకున్నారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కారెక్కేటప్పుడు మామయ్య ఒక్కటే అడిగారు. "ఎన్ని దినాలన్నావ్, అరవైయా?"

అక్టోబరులో వాళ్లు తిరిగి వెళ్లిపోయారు. సంక్రాంతి తర్వాత అత్తయ్య ఫోన్ చేసి, మీ మామయ్య కొత్త డ్రాయరు పట్టుకుని చేనికి పోయినారు, ఊరంతా ఏమని అడుగుతాంటే సిగ్గుతో సస్తాండా అని గోల. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఉగాది ముందర ఓ ఆదివారం మామయ్యే చేశారు.

"తవ్వినా, అల్లుడూ."

"ఎలా ఉంది మామయ్యా?"

"మీ అత్త ఉతికి ఆరేసింది."