కృతజ్ఞతకి రెండు నిమిషాలు, ఖాతాకి పద్నాలుగు

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. మార్చుకుని, కాఫీ తాగి కూర్చుంటే కోపం చల్లారిపోతుందేమోనని ముందు ఇది రాస్తున్నా.

ఈరోజు మా సంఘంలో కృతజ్ఞత కూడిక. ఏ సంఘమని అడగొద్దు. బెంగళూరులో మారతహళ్ళి నుంచి కేఆర్ పురం దాకా, స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని ఆదివారం తెలుగు ఆరాధన పెట్టే సంఘాలు ఎన్ని లేవు? మీదే అనుకోండి. పెద్ద తేడా ఉండదు.

పోయిన వారం గ్రూపులో గూగుల్ ఫారం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఏదో అందులో నింపాలి. శుక్రవారం ఆఖరు. నింపిన కుటుంబాలకే భోజనం టోకెన్. పేరు, మెంబర్‌షిప్ నంబరు, ఆ కింద "ఆశీర్వాదం రకం", దాని పక్కన ఎర్ర నక్షత్రం. అంటే తప్పనిసరి. నొక్కితే జాబితా కిందకి జారింది: ఉద్యోగం, ప్రమోషన్, వీసా, సొంత ఇల్లు, వివాహం, సంతానం, ఇతరములు. దావీదు మహారాజుకి ఈ ఫారం ఇస్తే ఏది నొక్కేవాడో! గుహల్లో దాక్కుని ప్రాణం మిగిలినందుకు స్తోత్రం చెప్పినవాడు కదా పాపం, "ఇతరములు" నొక్కి కూర్చునేవాడు.

సరే, సాక్ష్యాల టైమ్ వచ్చింది. "ఒక్కొక్కరికి రెండే నిమిషాలు, దయచేసి సహకరించండి" అని మైకులో మూడుసార్లు చెప్పారు. మొదట ఒక బ్రదర్ లేచారు. సర్జాపుర రోడ్డులో విల్లా కొన్నారు. ప్రభువు ఆయన బి ఖాతాని, అంటే కాగితాలు పూర్తిగా సరిలేని ఆస్తికి కార్పొరేషన్ రాసే ఖాతాని, అన్నీ సరిగ్గా ఉన్న ఎ ఖాతా చేశాడట. నేను ఎగతాళి చేయడం లేదు, ఈ ఊళ్ళో అది నిజంగానే అద్భుతం, ఆ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుస్తుంది. కానీ స్లైడ్లేమిటండీ? గృహ ప్రతిష్ఠ ఫొటోలు, తాళంచెవి ఫొటో, మాడ్యులర్ కిచెన్ ఫొటో. పద్నాలుగు నిమిషాలు. నేను ఫోన్లో చూసుకున్నాను కాబట్టి చెబుతున్నా. ఒక్కరు గంట కొట్టలేదు. పైగా ఆఖర్న చప్పట్లు.

నాలుగైదు సాక్ష్యాల తర్వాత వెనక వరసలోంచి ఒకామె లేచింది. ఆదోని వైపు నుంచి వచ్చిన మనిషి. ఒక అపార్ట్‌మెంట్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మా చర్చిలో భోజనాల తర్వాత పెద్ద డేగిసాలు ఎవరూ చెప్పకుండానే కడిగి పెట్టేది ఆమే. చేతిలో మందుల షాపువాళ్ళిచ్చే చిన్న గోధుమరంగు కాగితం కవరు. అదే ఆమె కృతజ్ఞత కానుక. సంఘం అచ్చు వేయించిన కవర్లు ఉన్నాయి కదా అంటారా? దానిమీద మెంబర్‌షిప్ నంబరు రాయాలి. ఆమెకి నంబరు లేదు. ఐదేళ్ళుగా వస్తోంది, నంబరు లేదు. ఆ కవరుని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచి, దాంతోనే మైకు పట్టుకుంది.

కొడుక్కి డెంగీ వచ్చిందట. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకి పడిపోయాయి. దేవుని నామంలో అందరికీ వందనాలు అంది. లీవు ఇచ్చిన ఫ్లాటు మేడమ్‌కి వందనాలు అంది. చిన్నపాపని మూడు రోజులు తన దగ్గర పెట్టుకున్న పక్కింటామెకి చెప్పింది. అర్ధరాత్రి గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఆటో ఆయన డబ్బులు తీసుకోలేదని, మర్నాడు రెండు ఎళనీళ్ళు, అదే కొబ్బరిబోండాలు, పట్టుకుని మళ్ళీ వచ్చాడని చెబుతోంది. ఆయన పేరు అని నోరు తెరిచింది.

కీబోర్డు మీద స్తుతి పాట ఎత్తుకున్నారు.

మెల్లగా మొదలైంది. తర్వాత డ్రమ్స్ కలిశాయి. సభ నడిపే ఆయన నవ్వుతూ "స్తోత్రం సిస్టర్, స్తోత్రం" అంటూ ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆమె కూడా నవ్వి, కవరు పళ్ళెంలో వేసి, వెళ్ళి కూర్చుంది.

అంతకు ముందు గంటలోనే మనకి ప్రసంగం ఏ వాక్యం మీద? లూకా పదిహేడో అధ్యాయం. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగులు. కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగి వచ్చాడు, అతను సమరయుడు, యూదులు పరాయివాడిగా చూసేవాడు. "గొప్ప శబ్దముతో" వచ్చాడు అన్న మాట దగ్గర పాస్టర్‌గారు ఐదు నిమిషాలు ఆగారు. ఆ తొమ్మిదిమంది ఎక్కడ, ఎక్కడ అని మమ్మల్ని వేలు చూపించి మరీ అడిగారు. అయ్యా, తిరిగొచ్చిన ఆ ఒక్కడికీ మనం కీబోర్డు వాయించి పంపించాం. ఆ తొమ్మిదిమంది ఎందుకు రాలేదో నాకు ఇవాళ కొంచెం అర్థమైంది, వాళ్ళకి మెంబర్‌షిప్ నంబరు లేదేమో.

మా నాయనమ్మది పల్నాడు. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. చర్చికి. ఇంట్లో సగం బియ్యం నూకలైనా ఆ పిడికెడు మాత్రం మంచి బియ్యం ఉండాలి. ఆదివారం ఆ బియ్యం పట్టుకెళ్ళి అందరితో పాటు ఒకే గంపలో పోసేది. గంపలో పడ్డాక ఎవరి బియ్యం ఎవరివో దేవుడికి తప్ప తెలియదు. మిజోరంలో కూడా ఇలాగే పిడికెడు బియ్యం తీస్తారు, 1910 నుంచీ, ఇప్పటికీ. మా కమిటీవాళ్ళకి ఉపన్యాసం కావాలంటే 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు గుర్తొస్తారు, ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్ అని గొప్పగా చెబుతారు. ఆయన ఇవ్వడం నేర్పింది ఎవరికి? రెక్కాడితే గానీ డొక్కాడని పల్లెల్లో జనానికి. మరి మా దగ్గర? ఫ్యాను రెక్క మీద పేరు. ప్లాస్టిక్ కుర్చీ వెనక పేరు. వాటర్ క్యాన్ స్టాండు మీద, "ఫలానా కుటుంబం, కృతజ్ఞతతో". ఫ్యాను తిరిగినంతసేపు పేరు కనపడదని ఒకాయన రెగ్యులేటర్ మీద కూడా రాయించారు. ఒట్టు, నేను కల్పించడం లేదు.

ఇదంతా ఇవాళ్టి కోపం మాత్రమే కాదని మీకీ పాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు 2020 నుంచీ ఉంది.

లాక్‌డౌన్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. మే నెల అద్దె కట్టడానికి లేదు. సంఘానికి సహాయ నిధి అని ఒకటుంది, దానికి మేం ఆరేళ్ళు నెలనెలా ఇచ్చాం. సిగ్గు చంపుకుని ఒక పెద్దాయనకి మెసేజ్ పెట్టాను. జవాబు వచ్చింది. పూలున్న బొమ్మ మీద, "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి". అంతే. కింద రెండు చేతుల గుర్తు. అద్దె అడిగితే ఓనర్‌కి ఆ బొమ్మే ఫార్వర్డ్ చేయాలనిపించింది.

మరుసటి సంవత్సరం సర్వసభ్య సమావేశంలో లేచి, ఆ నిధి ఎవరికి ఎంత వెళ్ళిందో లెక్క చెప్పండి అన్నాను. "సణుగుడు ఆత్మ మంచిది కాదమ్మా" అన్నారు. ఐగుప్తు నుంచి విడిపించిన దేవుడి మీద ఇశ్రాయేలీయులు సణిగితే ఏమైందో చెప్పారు. మోషే మీద తిరగబడిన కోరహుని భూమి మింగేసిన కథ కూడా చెప్పారు. ఆ పైన "మీ ఆయన్ని మాట్లాడమనండి" అన్నారు. మా ఆయన మాట్లాడడు. ఇవాళ కూడా హెబ్బాళ ఫ్లైఓవర్ దిగేదాకా కారులో ఒక్క మాట అనలేదు, దిగాక "నీకెందుకు" అన్నాడు.

ఆ పూల బొమ్మ మీది వచనం ఎక్కడిదో తర్వాత తీసి చూశాను. మొదటి థెస్సలొనీక, ఐదో అధ్యాయం, పద్దెనిమిదో వచనం. నాలుగు వచనాలు పైకి వెళ్తే, "బలహీనులకు ఊతనియ్యుడి" అని ఉంది. అదే పౌలు, అదే ఉత్తరం, అదే పేజీ. పద్దెనిమిదో వచనం లేని వాగ్దాన కాలెండర్ నేను చూడలేదు. పద్నాలుగో వచనం ఒక్క గోడ మీదైనా కనపడితే ఫొటో తీసి పంపండి. లేనివాడు అడిగితే కృతజ్ఞత నేర్చుకో అనడం, ఉన్నవాడు చూపిస్తే కృతజ్ఞత అంటే ఇదీ అనడం! ఆధ్యాత్మిక ఎదుగుదల అని వచ్చే నెల మూడు రోజుల సెమినార్ కూడా ఉందట, రిజిస్ట్రేషన్ తలకి ఆరువందలు.

భోజనాలయ్యాక పంపుల దగ్గర ఆమె డేగిసా కడుగుతుంటే వెళ్ళాను. ఏమీ అనుకోకు అందామని నోరు తెరిచేలోపే ఆమే అంది, "అక్కా, ఆ ఆటో అన్న పేరు చెప్పనే లేదు నేను. పాట వచ్చేసె గదా." కోపం లేదు ఆ గొంతులో. అప్పు మిగిలిపోయినట్టు ఉంది. ఇంకెవరెవరు మిగిలారు అని అడిగాను. ఆటో ఆయన, రక్తం ఇచ్చిన సెక్యూరిటీ అబ్బాయి, రాత్రంతా బెడ్ దగ్గరకి వచ్చి సెలైన్ చూసుకున్న నర్సమ్మ. ముగ్గురి పేర్లూ అడిగి బిర్యానీ టోకెన్ వెనక రాసుకున్నాను. చేయి తడిగా ఉండి ఒక పేరు కొంచెం అలికింది, అయినా చదవొచ్చు.

ఆ ఫారం లింకు ఇంకా పనిచేస్తోంది. ఎవరూ మూయలేదు. ఇందాకే తెరిచి నా మెంబర్‌షిప్ నంబరు వేసి, ఆశీర్వాదం రకం దగ్గర "ఇతరములు" నొక్కి, ఆటో ఆయన పేరు, రెండు ఎళనీళ్ళు, అంతా రాశాను. పంపగానే ఇంకొకటి సమర్పిస్తారా అని అడిగింది.

నొక్కాను. ఇంకా ఇద్దరున్నారు.