‘మనకెందుకులే’ గారికి ఒక సెలవు దరఖాస్తు

మహారాజశ్రీ ‘మనకెందుకులే’ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు కులాసాగా ఉన్నారా అని అడగనక్కర లేదు. మెట్ల మీద బరువు దించి ఆయాసపడుతున్న మనిషి పక్కనుంచి మేము నలుగురం ఫోనులో తలదూర్చి దిగిపోతున్నామంటే, తమరి ఆరోగ్యానికి ఢోకా లేనట్టే. ఊహ తెలిసినప్పటి నుంచీ తమరి కొలువులో ఉన్నవాణ్ణి కనుక, ముందు కృతజ్ఞతలు చెప్పుకుని ఆ తరువాత నా మనవి విన్నవించుకుంటాను.

తమరి వల్ల నాకు మిగిలిన కాలం అంతా ఇంతా కాదు. మొన్నటి లిఫ్టు సంగతే చూడండి. రెండు చేతులా సంచులతో ఒకావిడ ‘ఆగండాగండి’ అంటూ పరుగున వస్తుంటే, తలుపు తెరిచే మీట మీదికి పోబోయిన నా వేలు తమరి ఆజ్ఞ మేరకు మూసే మీట మీదికి మళ్ళింది. పైగా నొక్కుతూనే ‘అయ్యో, అందుకోలేకపోయారే’ అన్న విచారాన్ని ముఖాన పులుముకున్నాను. ఆ విధంగా నాకు పదకొండు సెకన్లు ఆదా అయ్యాయి. వాటితో ఇంటికి చేరాక ఏం చేశానో గుర్తు లేదు. ఇలా ఇరవై ఏళ్ళుగా కూడబెట్టిన సెకన్లన్నీ తమరు ఎక్కడ దాచారో సెలవిస్తే, ముసలితనంలో వాడుకుంటాను.

తమరి సామర్థ్యాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టి మరీ చూపించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ జరిపి 1973లో ప్రచురించిన ప్రయోగంలో, మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను ప్రసంగం చెయ్యమని పక్క భవనానికి పంపి, దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ ఉండేటట్టు ఏర్పాటు చేశారు. తొందరేమీ లేదని చెప్పి పంపినవారిలో నూటికి 63 మంది సాయానికి ఆగగా, ‘ఇప్పటికే ఆలస్యమైంది’ అని చెప్పి పంపినవారిలో నూటికి 10 మందే ఆగారు. కొందరికి ఇచ్చిన ప్రసంగాంశం ఏమిటనుకున్నారు? దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న, బైబిలులోని మంచి సమరయుని కథ! ఆ కథ చెప్పడానికి వెళ్తూ, కూలబడిన మనిషిని దాటుకుని పోయినవారూ ఉన్నారు. అంతటివారిని ‘టైము లేదు’ అన్న ఒక్క ముక్కతో లొంగదీసిన తమరికి నేనెంత?

తొందర లేని చోట తమరు నలుగురిని పోగుచేస్తారు. అదే డార్లీ, బిబ్ లటానేతో కలిసి 1968లో ప్రచురించిన మరో ప్రయోగంలో, గదిలోకి పొగ వస్తుంటే ఒంటరిగా కూర్చున్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్ళి చెప్పారు. పట్టనట్టు నటించే ఇద్దరి మధ్య కూర్చోబెడితే నూటికి 10 మందే కదిలారు. ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ గారు తమరికి స్వయానా తమ్ముడని విన్నాను. పోలిక తెలుస్తూనే ఉంది.

అయితే అయ్యా, ఈ మధ్య తమరి పద్దుపుస్తకంలో నాకొక తేడా కనిపించింది. మంచిమాట ఒకటి అన్నా, చిన్న సాయం చేసినా ఎదుటివారికి ఒరిగేదేమీ లేదనీ, మనమే వెర్రివాళ్ళలా కనిపిస్తామనీ తమరు ఇన్నాళ్ళూ నాకు లెక్క చూపించారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన పరిశోధనలో ఈ లెక్క తప్పని తేలింది. షికాగోలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట ముక్కూమొహం తెలియనివారికి వేడి వేడి చాక్లెట్ పానీయం ఇచ్చినవారు దాన్ని చిన్న విషయంగానే తలచారు. పుచ్చుకున్నవారి సంతోషం మాత్రం వారి అంచనాను మించిపోయింది. ఇచ్చేవాడు చేతిలోని కప్పును చూస్తాడు, పుచ్చుకునేవాడు దాని వెనుక ఉన్న మనసును కూడా చూస్తాడు. ఈ రెండో పద్దును తమరు ఎన్నడూ రాయలేదు.

నిజమో కాదో తేల్చుకుందామని ఒక కార్యాలయంలో కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తా గారితో, ‘చాలా ఓపికగా చెప్పారండీ, సంతోషం’ అన్నాను. ఆయన చేతిలోని రబ్బరు ముద్ర గాలిలోనే ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని, ‘ఫిర్యాదు ఏమైనా ఉందా?’ అని అడిగారు. లేదన్నాను. ఆయన నమ్మడానికి కొంత సమయం పట్టింది. తరువాత నా కాగితాలను ఆయనే వరుసగా సర్ది, అంచులు సమానం చేసి, రెండు చేతులతో అందించారు. ఆ సాయంత్రం దాకా నాకు ఎవరి మీదా విసుగు రాలేదు. తమరి కొలువులో ఇది ఎంతటి అపరాధమో ఎరుగుదును.

కనుక రోజుకు పది నిమిషాలు సెలవు మంజూరు చెయ్యవలసిందిగా నా మనవి. పూర్తిగా రాజీనామా చేసేంత మహాత్ముణ్ణి కాను. సాయం చేస్తూ ఫోటో దిగేవారి జాబితాలోనూ నన్ను వెయ్యకండి. వారు తమరి శాఖ నుంచే డిప్యుటేషన్ మీద వెళ్ళినవారని నా అనుమానం.

ఇట్లు,
తమరి పాత సేవకుడు

తా.క.: ఇది రాస్తుండగా పక్కింటివారు నిచ్చెన కోసం తలుపు తట్టారు. ఇంట్లో లేనట్టు ఊపిరి బిగబట్టమని తమరు చెవిలో చెబుతూనే ఉన్నారు గానీ, అప్పటికే ‘వస్తున్నా’ అని నోరు జారింది. నిచ్చెన రెండో కొస పట్టుకోవడానికి వెళ్తున్నాను.