వెల్లడించేస్తే సరిపోతుందా?

పరిశోధన పత్రం చివర, ఉపయుక్త గ్రంథాల జాబితాకు కాస్త పైన చిన్న అక్షరాల్లో ఓ వాక్యం ఉంటుంది: ‘రచయితలకు పరస్పర విరుద్ధ ప్రయోజనాలేవీ లేవు’. అంటే, పరిశోధనను పక్కదారి పట్టించగల డబ్బు సంబంధాలూ ఇతర సంబంధాలూ లేవని. చాలా జర్నళ్లలో అది రచయిత రాసిచ్చిన మాటే. సరిచూసే నాథుడు ఉండడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. అందులోని పిల్లలు 12 మందే. టీకా తయారీదారులపై దావాకు సిద్ధమవుతున్న న్యాయవాది ద్వారా ఆయనకు సొమ్ము అందిందన్న సంగతి 2004లో బయటపడింది, అదీ ఓ పాత్రికేయుడు తవ్వితే. లాన్సెట్ ఆ పత్రాన్ని పూర్తిగా ఉపసంహరించుకునేసరికి 2010 వచ్చింది. డజన్ల కొద్దీ పత్రాల్లో కంపెనీల చెల్లింపులు దాచారన్న వార్తలతో క్యాన్సర్ నిపుణుడు హోసే బసెల్గా 2018లో పదవి వదులుకున్నారు. ఆ చెల్లింపుల వివరాలేమో అమెరికా ప్రభుత్వం 2014 నుంచి అందరికీ తెరిచిపెట్టిన ‘ఓపెన్ పేమెంట్స్’ జాబితాలోనే ఉన్నాయి. పేరు కొట్టి చూసే ఓపిక ఏ జర్నల్‌కూ లేకపోయింది.

లోపం ఈ సంబంధాలను వెల్లడించే ఫారంలో కన్నా దాన్ని వాడే తీరులోనే ఎక్కువ. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఫారం స్పష్టంగానే అడుగుతుంది: ఈ పత్రానికి అందిన సాయమైతే ఎంత పాతదైనా చెప్పాలి, మిగతా సంబంధాలైతే గత 36 నెలలవి. షేర్లు, పేటెంట్లు, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యానికి తీసుకున్న ఫీజు, ప్రయాణ ఖర్చులు అన్నీ అందులోకే వస్తాయి. తీరా పది మంది రచయితల తరఫున ఒక్కరే టిక్కులు పెట్టేస్తారు. కొన్ని జర్నళ్లయితే పత్రాన్ని అంగీకరించాక గానీ ఫారం అడగవు. అప్పటికి ప్రచురణకు ముందు పత్రాన్ని పరీక్షించే సమీక్షకుల పని ముగిసిపోయి ఉంటుంది. ‘ఈ విషయానికి సంబంధం లేదనుకున్నాను’ అన్నది దొరికిపోయినవారి మామూలు సంజాయిషీ. సంబంధం ఉందో లేదో తేల్చే పని రచయితకు వదలకూడదు. ఉన్నదంతా రాయించుకుని ఎడిటరే తేల్చాలి.

వెల్లడించాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. కంపెనీ డబ్బుతో జరిగిన ప్రయోగాన్ని ప్రచురించవచ్చు. ముడి డేటా ఇస్తే ఇతరులు మళ్లీ లెక్క కట్టుకోగలరు. అప్పటికే వచ్చిన అధ్యయనాలను కూడగట్టి అంచనా కట్టే సమీక్షా వ్యాసం సంగతి వేరు. ఏ అధ్యయనాన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న ఎంపికలోనే పక్షపాతం దూరుతుంది. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో గుండెజబ్బుల నెపాన్ని చక్కెర మీద నుంచి కొవ్వు మీదికి నెట్టిన వ్యాసం వెనుక చక్కెర పరిశ్రమ ఇచ్చిన 6,500 డాలర్లు ఉన్నాయని 2016లో గానీ లోకానికి తెలియలేదు. రాసేవారిని వెల్లడి అడగడం ఆ జర్నల్ మొదలుపెట్టిందే 1984లో. సంపాదకీయాలు, సమీక్షా వ్యాసాలు రాసేవారికి ఆర్థిక సంబంధాలు ఉండరాదని 1990లో నిషేధించింది. రాసేవారు దొరకడం లేదంటూ 2002లో ఏడాదికి 10,000 డాలర్ల వరకు ఫరవాలేదని సడలించింది. ఆ సడలింపు తప్పని మా అభిప్రాయం.

ఇక రచయితలను నిలదీసే ఎడిటర్ల సంగతి. అమెరికాలోని 52 పేరున్న వైద్య జర్నళ్ల ఎడిటర్లలో సుమారు సగం మందికి 2014లో కంపెనీల చెల్లింపులు అందాయని 2017లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎడిటర్ తన జర్నల్‌కే సొంత పత్రం పంపితే దాన్ని వేరొకరికి అప్పగించడంతో పని పూర్తికాదు. సమీక్షకుల పేర్లు ఆయనకు కనిపించకుండా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలుకు తాళం వేయాలి. నిర్ణయం ఎవరిదో పత్రంలోనే అచ్చు వేయాలి. తన విద్యార్థి, గైడ్, ఒకే విభాగంలోని సహోద్యోగి, గత మూడేళ్లలో కలిసి రాసినవారు పంపిన పత్రాల నుంచీ ఎడిటర్ తప్పుకోవాలి. సమీక్షకులకూ ఇదే కొలమానం.

ప్రచురించాక దాచిన సంబంధం బయటపడితే ఎడిటర్ ముందుగా రచయితను రాతపూర్వకంగా వివరణ అడగాలి. ఆ సంబంధం తెలిసి ఉంటే నిర్ణయం మారేదా అన్నది చూడాలి. మారదనుకుంటే సవరణ ప్రచురిస్తే చాలు. మారేదనుకుంటే కొత్త సమీక్షకుడి చేత పత్రాన్ని మళ్లీ చదివించాలి. కావాలనే దాచారని తోస్తే రచయిత పనిచేసే సంస్థకు రాయాలి, దర్యాప్తు తేలేదాకా పత్రంపై హెచ్చరిక ఉంచాలి. ఆన్‌లైన్ ప్రతిని చప్పుడు చేయకుండా దిద్దేయడం మాత్రం కుదరదు. పాత రూపాన్ని నమ్మి ఉటంకించినవారికి ఏం మారిందో తెలియాలి.

రచయితల నుంచి తీసుకునే ప్రచురణ రుసుముపై నడిచే జర్నళ్లలో మరో చిక్కుంది. అంగీకరించిన ప్రతి పత్రమూ ఆదాయమే. అక్కడ ఎడిటర్ పారితోషికం పత్రాల సంఖ్యతో ముడిపడి ఉందా లేదా అన్నది కూడా ఎడిటర్ల వెల్లడి పేజీలో ఉండాలి.