పాత ఆటలు తీసేస్తే ఎవరికీ నష్టం లేదా?

పాత వీడియో గేములను పబ్లిషర్లు డిజిటల్ స్టోర్ల నుంచి తొలగించడంలో తప్పేమీ లేదని వాదించే సందేశం ఒకటి ఈమధ్య నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో విపరీతంగా తిరుగుతోంది. అందులోని వాదన క్లుప్తంగా ఇది: పాత ఆటలను ఎవరూ ఆడరు, ముందే కొన్నవారి దగ్గర అవి ఎటూ ఉంటాయి, సర్వర్లు (ఇంటర్నెట్ ద్వారా ఆటను నడిపే కంపెనీ కంప్యూటర్లు) నడపడానికి, ఆటలో వాడుకున్న పాటలకూ కార్లకూ లైసెన్సులు పొడిగించుకోవడానికి కంపెనీలు ఎల్లకాలం డబ్బు పోయలేవు, పాతది పోతే దాని స్థానంలో మెరుగైన కొత్త రూపం వస్తుంది, ఆట కంపెనీ సొత్తు గనుక ఉంచడమో తీయడమో దాని ఇష్టం, అంతగా కావలసినవారికి నెట్‌లో ఎక్కడో ఒకచోట దొరకనే దొరుకుతుంది, పైగా కొనేటప్పుడు షరతులన్నీ ఒప్పుకున్నది మనమే. చదవగానే సబబే అనిపించే మాటలివి. పంపుతున్నవారిలో చాలామందికి దురుద్దేశం లేదని కూడా నాకు తెలుసు. కానీ ఒక్కొక్క మాటనూ జరిగిన సంగతుల పక్కన పెట్టి చూస్తే నిలబడేవి తక్కువ. నెల్లూరులో కంప్యూటర్ల అమ్మకం, మరమ్మతు పనిలో ఉన్నవాడిగా, ఈ ఆటలతోనే పెరిగిన తరంవాడిగా వీటికి జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పాత ఆటలను ఎవరూ ఆడరన్నది మన జిల్లాల ఇళ్లలో ఉన్న సిస్టమ్‌లను చూడనివారి మాట. ఇక్కడి డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల్లో చాలామంది కొనేది ఆఫీసులు వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లనే. మా బోటి వాళ్లం చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చి, శుభ్రం చేసి అమ్ముతుంటాం. రెండో తరమో మూడో తరమో ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. అలాంటి సిస్టమ్‌లో ఇప్పుడు విడుదలవుతున్న పెద్ద ఆట మొదటి తెర దాటి ముందుకు కదలదు. ఇరవయ్యేళ్ల కిందటి ఆట మాత్రం ఎక్కడా ఆగకుండా నడుస్తుంది. కాబట్టి ఆ కుర్రాడికి పాత ఆట అంటే అతని యంత్రం మోయగలిగిన ఆట, అతను డబ్బు పెట్టి సక్రమంగా కొనుక్కోగలిగిన ఆట.

జనానికి అక్కర లేకనే అమ్మకం ఆగిపోతుందనుకోవడం కూడా పొరపాటే. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ను 2019లో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేసిన తరువాత, దానికి ఏళ్ల తరబడి అదనపు భాగాలు తయారు చేసి అమ్ముతూనే ఉన్నారు. ఆడేవాళ్లు లేకపోతే ఆ పని ఎవరూ చేయరు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో చేసిన అధ్యయనం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని తేల్చింది. నూటికి ఎనభై ఏడు ఆటలకూ ఆదరణ లేదని చెప్పడం కష్టం. అసలు కొనే దారి మూసివేసిన వస్తువుకు గిరాకీ ఎంత ఉందో ఏ లెక్కలోనూ కనబడదు.

ముందే కొన్నవారికి నష్టం లేదన్న మాటలో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే డిజిటల్ స్టోర్‌లో ఒక ఆట అమ్మకం ఆగిపోయినా, కొన్నవారి లైబ్రరీలో, అంటే వారి ఖాతాలోని కొన్న ఆటల జాబితాలో, అది సాధారణంగా మిగిలే ఉంటుంది. ఫోర్జా హొరైజన్ 4 అనే కార్ల ఆటను 2024 డిసెంబరులో స్టోర్ల నుంచి తీసేసినప్పుడు కూడా కొన్నవారు దాన్ని దించుకోవచ్చనీ, ఆడుకోవచ్చనీ చెప్పారు. ఆ ఉదాహరణలను పట్టుకుని అన్నిచోట్లా ఇంతేననడం మాత్రం చెల్లదు. యూబీసాఫ్ట్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన ది క్రూ అనే కార్ల ఆట సంగతి చూడండి. 2023 డిసెంబరులో దాని అమ్మకం ఆపేశారు. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. ఆ ఆటను ఒంటరిగా ఆడుకోవడానికి కూడా సర్వర్‌తో సంబంధం తప్పనిసరి చేసి ఉంచినందువల్ల, అంగడిలో డిస్కు కొని అల్మారాలో దాచుకున్నవారికి సైతం అది పనికిరాకుండా పోయింది. అక్కడితో ఆగకుండా ఏప్రిల్‌లో ఆటగాళ్ల ఖాతాల నుంచి ఆ ఆట లైసెన్సులనే వెనక్కి తీసుకున్నారు. పూర్తి ధర చెల్లించినవారికి చివరకు మిగిలింది ఖాతాలో ఒక ఖాళీ. కొనామీ సంస్థ 2014లో ఉచితంగా ఇచ్చిన పి.టి. అనే భయానక ఆటను మరుసటి ఏడాదే స్టోర్ నుంచి తీసేసినప్పుడు, అప్పటికే దించుకున్నవారు కూడా ఒకసారి చెరిపేస్తే మళ్ళీ దించుకునే వీలు లేకుండా చేశారు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, విండోస్ 8 ఉన్న కంప్యూటర్లకు స్టీమ్ తన మద్దతు ఆపేసింది. ఆట లైబ్రరీలో ఉంటుంది, డబ్బు కట్టిన రసీదు మెయిల్‌లో ఉంటుంది, కానీ ఆ ఆట ఏ యంత్రం కోసం తయారైందో ఆ యంత్రంలో దాన్ని తెరిపించే పూచీ ఎవరికీ లేదు. ఇది తొలగింపు కాకపోయినా, కొన్నది ఎప్పటికీ మన దగ్గరే ఉంటుందన్న భరోసా ఎంత బలహీనమైనదో చూపిస్తుంది.

సర్వర్ల ఖర్చు సంగతి తొందరగానే తేలుతుంది. తొలగింపునకు గురవుతున్న పాత ఆటల్లో చాలా ఒంటరిగా ఆడుకునేవి. వాటికి సర్వర్ అక్కరే లేదు. సర్వర్‌తో ముడిపెట్టిన ఆటలను విడిపించడమూ అసాధ్యం కాదు. ది క్రూ మీద అంత రగడ జరిగిన తరువాత, అదే యూబీసాఫ్ట్ ది క్రూ 2 కు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే ఏర్పాటు చేస్తానని 2024లో ప్రకటించి, 2025లో చేసి చూపించింది. సోనీ తన గ్రాన్ టురిస్మో స్పోర్ట్ అనే కార్ల ఆట సర్వర్లను 2024 జనవరిలో మూసే ముందు, కొన్నవారు ఆఫ్‌లైన్‌లో ఆడుకునేలా ఒక అప్‌డేట్ ఇచ్చింది. చేయాలనుకున్నవారు చేశారు. ఎల్లకాలం సర్వర్లు నడపమని ఎవరూ అడగడం లేదు. మూసేటప్పుడు తాళం చెవి కొన్నవారి చేతికి ఇచ్చి వెళ్లమని అడుగుతున్నారు. యూరప్‌లో ఇదే కోరికతో సాగిన పౌరుల విజ్ఞప్తి మీద 2025 జూలై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

పాటలు, కార్ల లైసెన్సుల గడువు తీరడం మాత్రం నిజమైన ఇబ్బందే. అలన్ వేక్ అనే ఆటను 2017 మేలో స్టోర్ల నుంచి తీసేయడానికి కారణం అందులోని పాటల ఒప్పందం ముగియడమే. కానీ 2018 అక్టోబరులో ఆ ఒప్పందాలను మళ్ళీ కుదుర్చుకుని ఆటను తిరిగి అమ్మకానికి పెట్టారు. జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) 4 అనే ఆట విషయంలో పదేళ్ల గడువు ముగిసినప్పుడు, 2018లో, కొన్ని పాటలను తీసి ఆటను ఉంచారు. ఆ పాటలు పోవడం అభిమానులకు బాధ కలిగించిన మాట వాస్తవమే అయినా ఆట బతికింది. అంటే లైసెన్సు ముగిసిన ప్రతిచోటా ఆటను మొత్తంగా తుడిచివేయడం ఒక్కటే దారి కాదు. పదేళ్లకు సంతకం చేసేటప్పుడే పదకొండో ఏట ఏం చేయాలో రాసుకోవలసిన బాధ్యత ఒప్పందం చేసుకున్నవారిది. వారి అజాగ్రత్తకు మూల్యం కొన్నవారూ, కొనదలచినవారూ చెల్లించడం న్యాయం కాదు.

మెరుగైన కొత్త రూపం వస్తుందన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నాను, ఎందుకంటే ఆ సందేశంలో జనాన్ని ఎక్కువగా ఒప్పిస్తున్నది ఇదే. 2021 అక్టోబరులో రాక్‌స్టార్ సంస్థ జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ పాత రూపాలను డిజిటల్ స్టోర్ల నుంచి తీయించి, నవంబరులో ఆ మూడింటినీ కలిపి కొత్త రూపంలో విడుదల చేసింది. ఆ రోజుల్లోనే కోవూరు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి "అన్నా, పాత శాన్ ఆండ్రియాస్ ఇప్పుడు డబ్బు పెట్టి కొనాలంటే ఎక్కడ దొరుకుద్ది?" అని అడిగాడు. కొత్తది కొనుక్కోమని అప్పుడు అందరూ ఇచ్చిన సలహా అతనికి ఎందుకు పనికిరాదో చూడండి. పాత శాన్ ఆండ్రియాస్‌కు 256 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్కులో 3.6 జీబీ చోటు ఉంటే చాలు. కొత్త రూపానికి కనీసం 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, 45 జీబీ చోటు కావాలి. అతని సిస్టమ్‌లో ఉన్నది 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. డబ్బు చేతిలో పట్టుకుని సక్రమంగా కొందామని వచ్చిన మనిషికి అమ్మే వస్తువు లేకుండా పోయింది.

ఆ కొత్త రూపం నాణ్యత విషయంలోనూ ఆటగాళ్లు తీవ్రంగా అసంతృప్తి చెందారు. లోపాలు బయటపడిన కొద్ది రోజులకే కంపెనీ క్షమాపణ చెప్పి, పీసీలో పాత రూపాలను తన సొంత స్టోర్‌లో మళ్ళీ పెడతానని ప్రకటించవలసి వచ్చింది. తిరిగి పెట్టగలిగినవాటిని అసలు తీయవలసిన అవసరమే లేదని దీన్నిబట్టే అర్థమవుతుంది. కొత్తదాని పక్కన పాతది చవకగా కనబడకూడదన్న లెక్క తప్ప మరో కారణం నాకు తోచడం లేదు. ఇంతా చేసి, కొత్త రూపానికి నోచుకునేవి పేరుమోసిన కొన్ని ఆటలే. 2021లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) సంస్థ నీడ్ ఫర్ స్పీడ్ అనే కార్ల పందేల ఆటల వరుసలో కార్బన్, అండర్‌కవర్, షిఫ్ట్, షిఫ్ట్ 2, ది రన్ అనే ఐదింటిని ఒకేసారి అమ్మకం నుంచి తీసేసింది. నెల్లూరు, కావలి, ఒంగోలు నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కార్బన్ ఆడిన తరానికి ఆ పేరు వింటే ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పనక్కర లేదు.

కంపెనీ సొత్తు గనుక దాని ఇష్టమన్నది వినడానికి చట్టం మాటలా ఉంటుంది గానీ, చట్టం అలా చెప్పడం లేదు. కాపీరైట్ అనేది హద్దులున్న హక్కు. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 31వ సెక్షన్, ఒకసారి ప్రచురించిన రచనను హక్కుదారు మళ్ళీ ప్రచురించడానికి నిరాకరించి ప్రజలకు అందకుండా చేస్తే, న్యాయస్థానం ద్వారా నిర్బంధ లైసెన్సు, అంటే హక్కుదారు ఒప్పుకోకపోయినా ప్రచురించుకునే అనుమతి, కోరే వీలు కల్పిస్తోంది. 2012 సవరణతో అది భారతీయ రచనలకే కాకుండా ఏ రచనకైనా వర్తించేలా మారింది. లోకానికి ఇచ్చిన కృతిని మళ్ళీ లోకం నుంచి దాచేయడం హక్కుదారు స్వేచ్ఛకు లోబడిన విషయమని మన శాసనకర్తలు అనుకోలేదన్నమాట.

పుస్తకాల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముందే మొదలైంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తాను వేసిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయంతో పాటు చెన్నై కన్నెమరా వంటి గ్రంథాలయాలకు పంపించాలి. ఆపైన ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయడం, వేయకపోవడం అతని ఇష్టం. ప్రతి మాత్రం భద్రంగా ఉంటుంది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా ప్రకాశంలో భాగంగా ఉన్న వేటపాలెంలో, 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. ఎన్నడో ఆగిపోయిన తెలుగు పత్రికల సంచికలను వెతుక్కుంటూ పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళ్తారు. ఆ పత్రికల యజమానులు అమ్మకం మానేశారు గనుక సంచికలను తగలబెట్టేయాలని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? వీడియో గేములకు మన దేశంలో అలాంటి నిక్షేప చట్టం లేదు. అమెరికాలో గ్రంథాలయాలు తమ దగ్గర ఉన్న పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించడానికి అనుమతి అడిగితే, అక్కడి కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో నిరాకరించింది. కంపెనీలు అమ్మవు, దాచేవారికి చూపించే అనుమతి లేదు అన్న ఈ రెండూ కలిసినప్పుడు ఒక కళారూపపు గతం నిజంగానే చెరిగిపోతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తున్న విషయం ఇదే.

నెట్‌లో దొరుకుతుంది కదా అన్నదానికి జవాబు చిన్నది. అలా దించుకున్న ఫైళ్లతో పాటు వైరస్‌లను ఇంటికి తెచ్చుకుని, ప్రాజెక్టు ఫైళ్లూ ఫోటోలూ పోగొట్టుకున్న సిస్టమ్‌లు మరమ్మతు బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడిని దొంగదారికి నెట్టి, ఆ తరువాత పైరసీ పెరిగిందని వాపోవడం కంపెనీలకు తగదు. స్టీమ్ 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టిన తరువాత మన పిల్లలు ఎంతోమంది పైరసీ మానుకుని కొనడం మొదలుపెట్టారు. వారిని వెనక్కి పంపే పని ఇది.

చివరిది, కొనేటప్పుడు షరతులు ఒప్పుకున్నాం కదా అన్న వాదన. ‘కొనండి’ అని మీట మీద రాసి, అది కొనుగోలు కాదనీ ఎప్పుడైనా రద్దు చేయదగిన అనుమతి మాత్రమేననీ ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో చెప్పడాన్ని సమ్మతిగా లెక్కించడం సరికాదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసి, 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న చట్టం, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పాలని ఆదేశించింది. మన దగ్గర అంత సూటి నిబంధన లేకపోయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. భారతీయ వినియోగదారులకు క్రమబద్ధంగా అమ్ముతున్న విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. అనుచిత వ్యాపార పద్ధతులను నిషేధిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదును కంపెనీ ఉన్న ఊళ్లో కాకుండా కొన్నవారు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందుగా సలహా తీసుకోవచ్చు. అందుకు కావలసినది ఆట కొన్న రోజు వచ్చిన మెయిల్, యూపీఐ చెల్లింపు వివరం, కొనేటప్పుడు కనబడిన పేజీ స్క్రీన్‌షాట్. ఈ మూడింటినీ కొన్న రోజే ఒకచోట భద్రపరచుకోండి.